గుంతలోనే మొదలయ్యే కాపు

మామిడి టెంక మొలవడానికి రెండు మూడు వారాలు చాలు. అదే టెంక చెట్టై కాయ చూపించడానికి ఆరేళ్లు, ఎనిమిదేళ్లు, ఒక్కోసారి పదేళ్లు. నేరేడు, ఉసిరి గింజలదీ ఇంచుమించు అదే లెక్క. చింతగింజ వేసిన వాళ్లు పదేళ్లు దాటాక కూడా ఎదురుచూస్తుంటారు. సీతాఫలం కొంత దయగలది, మూడు నాలుగేళ్లలో కాస్తుంది. గింజ జామ కూడా నాలుగైదేళ్లు దాటనివ్వదు. అనంతపురం మెట్టమీద ఈ లెక్కలన్నిటికీ మరో రెండు మూడేళ్లు కలుపుకోవలసి వస్తుంది. ఆ అదనపు ఏళ్లు ఎక్కడ పోతున్నాయో తెలిస్తే వాటిని చాలావరకు వెనక్కి తెచ్చుకోవచ్చు.

గింజ నుంచి వచ్చిన ప్రతి చెట్టుకూ బాల్యదశ ఉంటుంది. ఆ దశలో ఎంత ఎరువు వేసినా, ఏ మందు కొట్టినా చెట్టు పూయదు. పూయడానికి కావలసిన మార్పు దాని కొనల్లో ఇంకా జరిగి ఉండదు. చీనీ గింజ మొక్కలో ఈ బాల్యం కంటికే కనిపిస్తుంది. ఒళ్లంతా పొడుగాటి ముళ్లు, కొమ్మలన్నీ నిటారు. అదే రకం అంటు చెట్టు మీద ముళ్లు చిన్నవి, చాలాచోట్ల అసలు ఉండవు. గింజ చెట్టు ఎదిగేకొద్దీ పైకొమ్మల్లో ముళ్లు తగ్గుతూ వస్తాయి. మొదలు దగ్గర లేచే చిగుళ్లకు మాత్రం ఎన్నేళ్లయినా ముళ్లే. మొదలు అన్నిటికంటే ముందు పుట్టింది. పూత విషయంలో మాత్రం కొనే పెద్దది, మొదలు ఎప్పటికీ పసిదే.

ఈ ఒక్క సంగతి నుంచి రెండు జాగ్రత్తలు పుడతాయి. గింజ మొక్క గుబురుగా పెరగాలని తల కత్తిరిస్తే, అప్పటికి బాల్యం దాటుతున్న భాగమే పోతుంది, మళ్లీ కింది నుంచి పసి చిగుళ్లు లేస్తాయి, కాపు ఇంకా వెనక్కి పోతుంది. అంటుకు పుల్ల కోసేటప్పుడు కూడా అంతే. కాస్తున్న చెట్టు పైభాగంలో, ఎండ తగిలే కొమ్మల నుంచే తీసుకోవాలి. మొదలు దగ్గర ఏపుగా లేచిన నీటికొమ్మ చూడ్డానికి ఎంత ఆరోగ్యంగా ఉన్నా అంటుకు పనికిరాదు.

బాల్యం ఎప్పుడు ముగుస్తుందన్నది పంచాంగం చూసి తేలేది కాదు. చెట్టు ఎంత ఎదిగింది, ఎన్ని కణుపులు వేసింది అన్నదాన్ని బట్టి అది తేలుతుంది. అమెరికాలో అడవి ఆపిల్ మొలకలను చలికాలపు విరామం లేకుండా వెచ్చని గాజు ఇళ్లలో ఆగకుండా పెంచినప్పుడు, బయట ఏళ్లు పట్టే పూత ఎంతో ముందుగానే వచ్చింది. ఎదుగుదల ఆగకపోతే బాల్యం తరుగుతుంది. ఆగిన ప్రతిసారీ పెరుగుతుంది. అనంతపురంలో చెట్టు ఎదుగుదలను ఆపేది చలికాలం కాదు, ఎండాకాలం.

జిల్లాలో సాధారణ వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమల చాటున ఉన్నందున నైరుతి రుతుపవనాల బలం ఇక్కడికి వచ్చేసరికి తగ్గిపోతుంది. ఈశాన్య రుతుపవనాలు కోస్తా దాటి ఇంత లోపలికి వచ్చేసరికి అలసిపోతాయి. వానలో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే, పుబ్బ నుంచి చిత్త దాకా. నేల చూస్తే పలచని ఎర్రమట్టి, అడుగున గరుసు. ఎండాకాలం బిందె నీళ్లు పోస్తే సాయంత్రానికి జాడ ఉండదు. ఆగస్టులో నాటిన మొక్క దీపావళి దాకా చిగురిస్తుంది, సంక్రాంతికి నిలకడ పడుతుంది, మార్చికి ఆకులు ముడుచుకుంటుంది, రోహిణి కార్తెకు కొనలు మాడుతాయి. వానలు వచ్చాక మళ్లీ కింది నుంచి చిగురు. ఇలా మూడు ఎండాకాలాలు గడిస్తే వయసు మూడేళ్లు, ఎదుగుదల ఒక ఏడాది. ఆ రెండు మూడు అదనపు ఏళ్లు పోయింది ఇక్కడే.

అందుకే ఈ నేలమీద తొందర కాపు పని కొమ్మల్లో కంటే ముందు గుంతలో మొదలవుతుంది. వేరు గరుసు దాటి లోతుకు దిగితే ఎండాకాలం చెట్టు ఆగదు. దిగకపోతే పైన ఏ విద్య చేసినా నిలవదు.

నర్సరీ సంచిలో ఏడాది పైగా ఉన్న మొక్కను కొని నాటడం చాలామంది చేసే పని. సంచి చింపి చూస్తే తల్లివేరు అడుగున తాకి, చుట్ట తిరిగి కనిపిస్తుంది. అలా చుట్టుకున్న వేరు నేలలో నాటాక కూడా సులభంగా నిటారుగా దిగదు. మొదటి ఏడాది పోసిన నీళ్లతో బతుకుతుంది, రెండో ఎండాకాలంలో ఎండిపోతుంది, లేదా గిడసబారి నిలబడుతుంది. దీనికి మెట్ట ప్రాంతాలకు సరిపోయిన మార్గం గింజను గుంతలోనే పెట్టి, వేరు తన దారి తాను చూసుకున్నాక అక్కడే అంటు కట్టడం. రేగు, చింత, మామిడి, నేరేడు, ఉసిరి అన్నిటికీ ఇది నడుస్తుంది.

గుంత అటూ ఇటూ లోతూ మూడడుగులు ఉండాలి. వేసవిలోనే తవ్వి ఎండబెడతారు. గడ్డపార గరుసు మీద కణకణమన్నా ఆ అడుగు ఊరికే వదలకూడదు, వేరు వెళ్లేది అటే. పైమట్టి, చివికిన పశువుల ఎరువు, దొరికితే చెరువు పూడిక, చెదలు పట్టకుండా కిలో రెండు కిలోల వేపపిండి కలిపి నింపుతారు. మృగశిర, ఆరుద్ర కార్తెల వానకు గింజలు పెడతారు. గుంతకు మూడు నాలుగు గింజలు పెట్టి, రెండు నెలల తర్వాత అన్నిటికంటే ఏపుగా ఉన్నదాన్ని ఒక్కదాన్నే ఉంచి మిగతావి నేలమట్టానికి కోసేస్తారు. పీకితే పక్క మొక్క వేరు కదులుతుంది. రేగు టెంకను అలాగే పాతితే మొలకకు నెల పడుతుంది. పైపెంకు జాగ్రత్తగా పగలగొట్టి లోపలి గింజ పెడితే వారం పది రోజుల్లో లేస్తుంది. మామిడి టెంకకు పచ్చిదనం ఆరకముందే నేల చూపించాలి, నెలలు దాస్తే మొలకశక్తి పోతుంది.

మొక్క పక్కన జానెడు దూరంలో మెడ దాకా పాతిన మట్టికుండ ఎండాకాలానికి పెద్ద అండ. నునుపు పూత లేని, నీరు చెమర్చే కుండ కావాలి. ఐదారు లీటర్ల కుండ నింపి మూత పెడితే నీరు గోడలోంచి మెల్లగా ఊరుతూ వేరు దగ్గరే తడి ఉంచుతుంది. పైన పోసిన బిందె నీళ్లలో సగం ఎండకే పోతాయి, కుండ నీళ్లు నేల లోపలే ఉంటాయి. పాదు మీద నాలుగు వేళ్ల మందాన శెనక్కాయ పొట్టు గానీ ఎండుగడ్డి గానీ పరవాలి. వేరుశనగ జిల్లాలో పొట్టుకు కరువు లేదు. అది చెదలను పిలుస్తుంది కనుక కాండానికి తగలకుండా బెత్తెడు ఎడం ఉంచి, కింద మళ్లీ కొంచెం వేపపిండి చల్లాలి.

గుంతల పని, తొలి ఏళ్ల నీళ్ల పని పేద రైతుకు భారమే. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. తర్వాతి ఏళ్లలో ఆ పథకం కింద మెట్ట పొలాల్లో మామిడి తదితర పండ్లతోటలకు గుంతలు, మొక్కలు, నీటికూలి అందాయి. వాటిలో నిలబడిన తోటలను చూస్తే మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు తప్పకుండా అందినవే ఎక్కువ కనిపిస్తాయి.

వేరు ముందు, కొమ్మ తర్వాత అన్న మాటకు అన్నిటికంటే మంచి సాక్ష్యం రేగు. గెనిమల మీద, వంకల పక్కన, బీళ్లలో ఎవరూ నాటకుండానే లేచిన రేగుచెట్లు మెట్టమీద ఎక్కడ చూసినా ఉంటాయి. వాటి వేళ్లు ఏనాడో లోతు చూసినవి. అలాంటి చెట్టును ఏప్రిల్, మే నెలల్లో, అది ఆకు రాల్చి నిద్రలో ఉన్నప్పుడు, నేలకు జానెడు ఎత్తున కోస్తారు. తొలకరికి మోడు నుంచి పది పదిహేను చిగుళ్లు లేస్తాయి. వాటిలో నిటారుగా, బలంగా ఉన్న రెండు మూడింటిని ఉంచి మిగతావి గిల్లేస్తారు. జూలై, ఆగస్టు నాటికి అవి పెన్సిలంత లావెక్కుతాయి. అప్పుడు కన్ను అంటు.

మంచి రకం చెట్టు నుంచి, గోలా గానీ ఉమ్రాన్ గానీ, ఆ ఏటి కొమ్మ ఒకటి కోసి, ఆకులు తీసేసి తొడిమలు మాత్రం ఉంచుతారు. తడిగుడ్డలో చుట్టి నీడన తెస్తారు. పదునైన కత్తితో తొడిమ కింద నుంచి పైకి ఒక్క ఊపులో డాలు ఆకారంలో కన్ను లేపుతారు. మోడు నుంచి లేచిన చిగురు మీద, బెరడుకు అడ్డంగా ఒక గాటు, దాని మధ్య నుంచి కిందికి నిలువుగా ఒక గాటు. కత్తి వెనకతో బెరడు అంచులు కొద్దిగా లేపితే, చెట్టులో రసం నడుస్తున్న రోజుల్లో అది తడితడిగా, తెల్లగా మెరుస్తూ ఊడివస్తుంది. పీచుపీచుగా చిరిగితే ఆ రోజు అంటు వద్దు, ఒక వాన పడనివ్వాలి. కన్నును తొడిమ పట్టుకుని ఆ సందులోకి జార్చి, కన్ను మాత్రం బయటికి చూసేలా పాలిథిన్ పట్టీతో బిగిస్తారు. పది రోజులకు తొడిమను వేలితో తాకి చూడాలి. తాకగానే రాలితే కన్ను పట్టింది. ఎండిపోయి అంటుకునే ఉంటే కన్ను చచ్చింది, రెండోవైపు మళ్లీ కట్టాలి. పట్టిన కన్ను పైన చిగురును కత్తిరిస్తే బలమంతా దానికే పోతుంది. మరుసటి చలికాలానికి ఆ చెట్టు మంచి రకం రేగుపళ్లు ఇస్తుంది. గుంత తవ్వలేదు, నీళ్లు మోయలేదు. ఏళ్ల తరబడి దిగిన వేరు ఊరికే దొరికింది.

మామిడి, చింతలకు కన్ను కంటే పుల్ల అంటు నయం. గుంతలో మొలిచిన మామిడికి ఏడాది దాటాక, వానాకాలం గాలిలో తేమ ఉన్నప్పుడు, లేత కాండాన్ని చీల్చి, కోసుగా చెక్కిన పుల్ల దించి కడతారు. పుల్ల కోయడానికి వారం పది రోజుల ముందే తల్లిచెట్టు మీద ఆ కొమ్మ ఆకులు తుంచి పెడితే కొన కన్ను ఉబ్బి సిద్ధంగా ఉంటుంది. బేనీషా టెంక వేస్తే బేనీషా వస్తుందన్న నమ్మకం లేదు, అందుకని కూడా అంటు తప్పదు. పెరట్లో త్వరగా కాయాలనుకుంటే నీలం మంచిది. నీలం రక్తం ఉన్న ఆమ్రపాలి ఇంకా పొట్టిగా ఉండి చిన్న వయసులోనే పూస్తుంది. చింతకు రేకులకుంట ఉద్యాన పరిశోధన స్థానం విడుదల చేసిన అనంత రుధిర రకం ఉంది, దాని గుజ్జు ఎర్రగా ఉంటుంది. గింజ చింతకు పదేళ్లు పట్టే చోట అంటు చింత నాలుగైదేళ్లకు కాయ చూపిస్తుంది. హిందూపురం చింతపండు మార్కెట్టు పక్కనే ఉన్న ప్రాంతంలో ఆ ఐదారేళ్ల తేడా చిన్నది కాదు.

చీనీకి కట్టేది కన్ను అంటే. వేరుమూలంగా పూర్వం జంబేరి నిమ్మ వాడేవారు, ఇప్పుడు రంగపూర్ నిమ్మకు పేరు. రెండూ కరువు తట్టుకునేవే. అంటు కింద నుంచి లేచే ముళ్ల చిగుళ్లను వారం వారం చూసి తుంచకపోతే అవి పై చెట్టును మింగేస్తాయి. కష్టపడి పెంచిన చీనీ చివరికి నిమ్మచెట్టై కూర్చున్న పెరళ్లు చాలా ఉన్నాయి.

బాల్యం దాటిన చెట్టు, లేదా అంటు చెట్టు, ఆకులు వేస్తూనే ఉండి పూయకపోతే సమస్య మరొకటి. సాధారణంగా దానికి నీళ్లు, నత్రజని ఎక్కువైనట్టు. స్నానాల గది నీళ్లు ఏడాది పొడుగునా పారే చోట ఉన్న మామిడి, డ్రిప్పు ఎప్పుడూ ఆపని చీనీ ఇలాగే తయారవుతాయి. చెట్టుకు ఒక విరామం కావాలి. అక్టోబరు చివరి నుంచి మామిడికి నీళ్లు ఆపితే, వానలకు వేసిన చిగుళ్లు ముదిరి, మార్గశిర పుష్య మాసాల చలి రాత్రులకు పూమొగ్గ తొడుగుతాయి. పూత గోలీలంత పిందె పడేదాకా మళ్లీ పెద్ద తడి ఇవ్వకూడదు. చీనీ రైతులు చెట్లను వాడబెట్టేది ఇందుకే. నల్లరేగడిలో ఎక్కువ రోజులు పడుతుంది, పలచని ఎర్రనేలలో రెండు మూడు వారాలకే ఆకు వడలి కొంత రాలుతుంది. అక్కడ ఆపాలి. ముందు తేలికపాటి తడి, తర్వాత ఎరువు, ఆ తర్వాత నిండు తడి. ఈ పని నాలుగేళ్లు నిండని చెట్టుకు చేయకూడదు. దానికి ఎండాకాలమే చాలినంత వాడుపెడుతుంది.

జామకు కొమ్మలు వంచడం మంచి ఉపాయం. నిటారు కొమ్మ ఆకు మీద ఆకు వేస్తుంది. అదే కొమ్మను తాడుతో విల్లులా నేలవైపు వంచి కట్టి, కొనన పది పన్నెండు జతల ఆకులు ఉంచి మిగతావి తీసేస్తే, కణుపు కణుపుకూ చిన్న చిగుళ్లు లేచి నలభై యాభై రోజుల్లో మొగ్గ కనిపిస్తుంది. చెట్టుకు గాయం లేదు, ఖర్చు లేదు. నచ్చకపోతే తాడు విప్పితే సరి. బెరడు వలయంగా తీసే పద్ధతి అలాంటిది కాదు. ఆకులు చేసిన చక్కెర వేరుకు పోకుండా పైనే నిలిచి పూతకు పనికొస్తుందన్నది అందులోని సూత్రం. ఆ కాలమంతా వేరు పస్తుంటుంది. వేరు బలమే ఆస్తి అయిన మెట్టలో మొదలుకు వలయం తీయడం చెట్టు ప్రాణంతో ఆడుకోవడమే. మరీ చేయదలిస్తే ఒక పక్క కొమ్మకు, కత్తి అంచు మందాన, అంతవరకే.

మామిడికి పొగబెట్టి పూయించడం ఫిలిప్పీన్స్ దీవుల్లో పాత అలవాటు. అక్కడి ఉద్యాన శాస్త్రవేత్త రామోన్ బార్బా పొగకు బదులు పొటాషియం నైట్రేటు ద్రావణం చల్లి అదే ఫలితం సాధించాడు. ముదిరిన కొనలున్న చెట్టును అది లేపుతుంది, పసిచెట్టును పెద్దది చేయలేదు. మామిడి పాదుల్లో పోసే పాక్లోబ్యూట్రజాల్ మందు మరీ జాగ్రత్తగా చూడవలసింది. అది ఎదుగుదలను బిగబట్టి పూయిస్తుంది, నేలలో చాలాకాలం ఉండిపోతుంది. ఇంకా ఎదగవలసిన చెట్టుకు పోస్తే గిడసబారుతుంది. పదేళ్ల లోపు పెరటి చెట్టుకు దాని అవసరం లేదు.

కొన్ని చెట్లు పూస్తాయి, కాయవు. దానిమ్మలో గంట ఆకారపు పూలు ఎంత విరగబూసినా రాలిపోతాయి, అడుగున ఉబ్బి కూజాలా ఉన్నవే కాయ కడతాయి. లేత చెట్టులో గంటపూలే ఎక్కువ. రెండేళ్లు నిండేదాకా పూలన్నీ తుంచితే చెట్టు బలపడి కూజాపూల పాలు పెరుగుతుంది. ఉసిరి తన పుప్పొడితో తాను సరిగా కాయదు, పక్కన ఇంకో రకం ఉండాలి.

సీతాఫలం సంగతి ఇంకా సూక్ష్మం. ఏప్రిల్, మే నెలల్లో చెట్టు నిండా పూలు వేలాడతాయి, పిందె మాత్రం వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. పువ్వు మూడు మందపాటి ఆకుపచ్చ రేకులతో తల వంచుకుని ఉంటుంది. రేకులు సగం విడినప్పుడు లోపలి కీలాగ్రం జిగటగా పుప్పొడి కోసం సిద్ధంగా ఉంటుంది. అప్పటికి అదే పువ్వులోని పుప్పొడి ఇంకా విడుదల కాదు. విడుదలయ్యే వేళకు కీలాగ్రం ఆరిపోతుంది. ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు పుప్పొడి మోసేవి చిన్న పెంకు పురుగులు. పొడి ఎండల్లో అవీ తక్కువే, జిగటా త్వరగా ఆరుతుంది. వానలు పడ్డాక వచ్చే పూలు బాగా నిలవడానికి కారణం గాలిలోని తేమ. నాలుగు చెట్లున్న ఇంట్లో ఈ పని చేత్తో చేసుకోవచ్చు. తెల్లవారుజామున పూర్తిగా విచ్చుకుని, లోపలి కేసరాలు వదులై రాలుతున్న పూలను ఒక గిన్నెలో దులపాలి. సగం విడిన పూల రేకులు మెల్లగా ఎడంచేసి, మెత్తటి చిత్రలేఖనపు కుంచెతో ఆ పొడిని కీలాగ్రం చుట్టూ రెండుసార్లు తిప్పి అద్దాలి. ఒకవైపే అద్దితే కాయ వంకరగా ఊరుతుంది. ఎండ ఎక్కకముందే ముగించాలి. పాదు చుట్టూ తడి ఉంచితే పట్టిన పిందె నిలుస్తుంది.

అంటు చెట్టు ఒక్కోసారి అవసరానికి మించి తొందరపడుతుంది. అంటు పుల్లకు తల్లిచెట్టు వయసు వస్తుంది కనుక మోకాలెత్తు మామిడి కూడా నాటిన మొదటి చలికాలమే పూగెల వేస్తుంది. ఇంటివాళ్లకు అది పండగ. కానీ ఆ గెల కాయగా మారితే, వేరుకు పోవలసిన తిండి ఆ ఒక్క కాయ తింటుంది, ఏప్రిల్ ఎండలో చెట్టు రెండింటినీ మోయలేక వాడిపోతుంది. మామిడి, చీనీ, చింత అంట్లకు మొదటి మూడేళ్ల పూత తుంచేయాలి. మామిడి గెలను మొదలంటా పీకకుండా, సగానికి పైగా కత్తిరించి వదిలితే కింది కన్ను దెబ్బతినదు. జామకు, సీతాఫలానికి రెండేళ్లు చాలు. నాలుగో ఏడు మామిడికి పది కాయలు మించనివ్వకుండా, కొనన వేలాడేవి బఠాణీ గింజంత ఉన్నప్పుడే తీసేసి, మొదలుకు దగ్గరగా బొటనవేలి లావున్న కొమ్మల మీదివి ఉంచాలి. కాయలు కోశాక, తొలకరికి ముందు, పాదును ఒక అడుగు వెడల్పు చేసి పశువుల ఎరువు వేస్తే ఆ వానలకే కొత్త చిగురు వస్తుంది. అక్టోబరుకు అది ముదిరితే ఐదో ఏటి పూత దాని మీదే.